ముగ్గుపిండి, తాడు, ఒక గోడ: స్కూలు గ్రౌండులో రోమన్ థియేటర్ గీసే పద్ధతి

పాతకాలపు రోమన్ థియేటర్ ఫొటోలు ఎన్ని చూసినా బుర్రకెక్కవు. విరిగిన మెట్లు, నాలుగు స్తంభాలు, ముందు సెల్ఫీ దిగుతున్న జనం, అంతే. అదే ప్లాను నేల మీద గీసి లోపల నిలబడితే పావుగంటలో తెలిసిపోతుంది, ఎవరు ఎక్కడ కూర్చునేవారో, ఆ గోడ అంత ఎత్తు ఎందుకో, మాట చివరి వరుస దాకా ఎలా వెళ్లేదో. విజయనగరం, శ్రీకాకుళం వైపు స్కూళ్లలో పిల్లలతో నాటకాలు వేయించేవాళ్లు, హిస్టరీ చెప్పే మాస్టార్లు, సెలవుల్లో పిల్లల్ని ఫోన్‌కి దూరంగా ఓ పూట ఉంచాలనుకునే అమ్మానాన్నలు, ఎవరైనా చేయొచ్చు. ఖర్చు పెద్దగా ఉండదు.

ముందు ఒక గందరగోళం తీర్చేద్దాం. వాట్సాప్‌లో రోమన్ థియేటర్ అని తిరిగే ఫొటోల్లో సగం కొలోసియంవే. అది థియేటర్ కాదు, యాంఫీథియేటర్. క్రీ.శ. 80లో ప్రారంభమైంది. మధ్యలో అండాకారపు బరి, చుట్టూ నాలుగు వైపులా జనం, లోపల గ్లాడియేటర్ల పోరాటాలు. థియేటర్ అంటే సగం వృత్తం, దాని ఎదురుగా ఒక పొడుగాటి గోడ, గోడకి ముందు వేదిక, నాటకాలు. మనం గీయబోయేది ఈ రెండోది. ఇందులో అసలు సంగతంతా ఆ గోడే, కాబట్టి గోడ దగ్గర్నుంచే మొదలుపెడదాం.

గీసే కొలతలు నా సొంతం కాదు. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో విట్రూవియస్ అనే రోమన్ ఇంజినీరు భవన నిర్మాణం మీద రాసిన పది భాగాల గ్రంథంలో, అయిదో భాగంలో థియేటర్ లెక్కంతా చెప్పాడు. ఒక వృత్తం గీయి, దానిలో నాలుగు సమబాహు త్రిభుజాలు సమాన దూరంలో పెట్టు, వాటి మూలలు వృత్తాన్ని పన్నెండు చోట్ల తాకుతాయి, ఆ పన్నెండింటిలో ఏడు ప్రేక్షకుల మెట్లదారులకి, అయిదు వేదిక వెనక తలుపులకి అంటాడు. వేదిక వైపున్న త్రిభుజం భుజమే వెనక గోడ. దానికి సమాంతరంగా వృత్తం మధ్య నుంచి పోయే గీత వేదిక అంచు. ఇంతే సూత్రం. నాలుగు త్రిభుజాలూ నేల మీద గీస్తూ కూర్చుంటే పిల్లలకి విసుగొస్తుంది కాబట్టి ఇక్కడ అదే లెక్కని దగ్గరదారిలో చెబుతున్నాను.

కావలసినవి: యాభై అడుగులకి తగ్గకుండా పొడవున్న ఒక తిన్నటి గోడ, స్కూలు బిల్డింగుదైతే భేష్. దాని ముందు కనీసం 70 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు చదునైన నేల. టేపు, సుద్దముక్కలు, ఒక గట్టి ఇనుప మేకు, సుత్తి, నాలుగైదు కేజీల ముగ్గుపిండి, సంక్రాంతి వెళ్లాక ఇళ్లలో మిగిలినదైనా పర్వాలేదు. సున్నం మాత్రం వద్దు, పిల్లల కళ్లలో పడితే ప్రమాదం. తాడు విషయంలో జాగ్రత్త. పురికొస లాగితే సాగుతుంది, మంచుకి తడిస్తే ఇంకో రకంగా ఉంటుంది, అందుకని కరెంటు పనివాళ్ల దగ్గర దొరికే వైరు ముక్క తీసుకోండి. పిండి పోయడానికి పాలడబ్బా మూతకి మేకుతో ఏడెనిమిది చిల్లులు పొడిచి తలకిందులుగా పట్టుకుని ఊపుకుంటూ పోతే గీత సన్నగా, ఒకే తీరుగా వస్తుంది. చేత్తో పోసే అలవాటున్న అమ్మమ్మలెవరైనా వస్తే డబ్బా పక్కన పడేయండి, వాళ్ల గీతే బాగుంటుంది.

పొద్దున్నే మొదలుపెట్టాలి. నేల మీద మంచు తడి ఉన్నప్పుడు పిండి పట్టుకుంటుంది, ఎండెక్కి గాలి లేచిందంటే మీరు గీసిన థియేటర్ పక్క వీధిలో ఉంటుంది.

గోడకి సరిగ్గా మధ్యలో సుద్దతో ఒక గుర్తు పెట్టండి. దానికి అటూ ఇటూ 6 అడుగుల దగ్గర ఒక్కో గుర్తు. మళ్లీ మధ్య నుంచే అటూ ఇటూ 10 అడుగుల 5 అంగుళాల దగ్గర ఒక్కో గుర్తు. మొత్తం అయిదు. మధ్యది రాజద్వారం, కథలో ముఖ్య పాత్ర అందులోంచి వస్తుంది. దానికి రెండు పక్కలవీ అతిథుల తలుపులు. చివరి రెండూ పక్కదారులకి గుర్తులు, ఊళ్లోంచో బయటి నుంచో వచ్చే పాత్రలు అటు నుంచి రావాలి. అతిథుల తలుపుల కింద సుద్దతో గీతలు నేల దాకా దించండి, ఇప్పుడే పనికొస్తాయి.

మధ్య గుర్తు నుంచి గోడకి నిటారుగా 6 అడుగులు ముందుకొచ్చి మేకు కొట్టండి. దీన్ని నడిమేకు అందాం. నిటారుగా వచ్చిందో లేదో చూడ్డానికి మూలమట్టం అక్కర్లేదు. నడిమేకు నుంచి రెండు అతిథి తలుపుల గుర్తులకీ కొలవండి, రెండూ సమానంగా, 8 అడుగుల 6 అంగుళాలకి రవ్వంత తక్కువ రావాలి. రాకపోతే మేకు పీకి మళ్లీ కొట్టాలి, ఇక్కడ బద్ధకిస్తే చివరి వరుసకి వెళ్లేసరికి అడుగు తేడా వస్తుంది.

ఇప్పుడు గోడకి ఆరడుగుల దూరంలో, నడిమేకు మీదుగా, గోడకి సమాంతరంగా ఒక గీత పోయండి. నడిమేకుకి అటు 24, ఇటు 24, మొత్తం 48 అడుగులు. ఇదే వేదిక అంచు. వేదిక పొడవు వృత్తం వ్యాసానికి రెండింతలు ఉండాలన్నది విట్రూవియస్ లెక్క, మన వ్యాసం 24 కాబట్టి 48. పిల్లల్ని ఆ గీతకీ గోడకీ మధ్య నడవమనండి. పొడుగ్గా, సన్నగా, గోడని అంటుకుని ఉండే ఈ వేదిక మీద నటుడు వెనక్కి పోలేడు, పక్కలకే కదలాలి. మన ఆడిటోరియంల లోతైన స్టేజీకి అలవాటు పడ్డవాళ్లకి మొదటి ఆశ్చర్యం ఇక్కడే. ఇది నిజంగా కట్టి ఉంటే ఎత్తు అయిదడుగులకి మించకూడదు, ఎందుకంటే వేదిక ముందు నేల మీదే పెద్దమనుషులు కూర్చుంటారు, ఎత్తు పెరిగితే వాళ్లకి నటుల కాళ్లే కనపడవు.

వైరుకి ఒక చివర ఉచ్చు వేసి నడిమేకుకి వదులుగా తగిలించండి. బిగించి కట్టొద్దు. బిగిస్తే మీరు తిరిగినకొద్దీ వైరు మేకుకి చుట్టుకుని వ్యాసార్ధం తగ్గిపోతూ ఉంటుంది, వృత్తం కాస్తా నత్తగుల్లలా లోపలికి తిరుగుతుంది. ఉచ్చు మేకు మొదట్లో, నేలకి ఆనించి ఉండాలి. 12 అడుగుల దగ్గర పట్టుకుని, వేదిక గీత మీద నడిమేకుకి ఒక పక్క నుంచి రెండో పక్కకి, గోడకి ఎదురు వైపున, అర్ధవృత్తం గీయండి. ఈ లోపలి చోటే ఆర్కెస్ట్రా. గ్రీకుల థియేటర్లలో ఇది నిండు వృత్తం, అక్కడ బృందం ఆడి పాడేది. రోమన్లు దాన్ని సగానికి కోసేసి, ఆటంతా వేదిక మీదకి ఎక్కించేసి, ఖాళీ అయిన ఆ నేలలో సెనేటర్లకి, అంటే పాలకసభ పెద్దలకి, కుర్చీలు వేశారు. సెనేటర్లకి విడిగా ముందు సీట్లు కేటాయించడం రోమ్‌లో క్రీ.పూ. 194లోనే మొదలైంది. వీఐపీ పాసుల చరిత్ర చాలా పాతదే అన్నమాట.

ఏడు మెట్లదారుల గుర్తులు ఇప్పుడు. అర్ధవృత్తం రెండు చివరలూ, నడిమేకుకి సూటిగా 12 అడుగుల ముందున్న బిందువూ కలిపి మూడు ఇప్పటికే ఉన్నాయి. ఆ ముందు బిందువు మీద ఒకరు వైరు చివర పట్టుకుంటే, ఇంకొకరు అదే 12 అడుగులతో వృత్తాన్ని ఎడమవైపు ఒకచోట, కుడివైపు ఒకచోట తాకించి గుర్తు పెట్టాలి. తర్వాత అర్ధవృత్తం చివరల నుంచి ఒక్కోటి అలాగే. మొత్తం ఏడు. సరిచూసుకోవడం తేలిక. చివర నుంచి రెండో గుర్తు నుంచి గోడ మీది 10 అడుగుల 5 అంగుళాల గుర్తుకి కొలిస్తే కచ్చితంగా 12 రావాలి. ముందు బిందువు నుంచి అదే గోడ గుర్తుకి 20 అడుగుల 9 అంగుళాల పైచిలుకు రావాలి. ఈ రెండోది విట్రూవియస్ చెప్పిన త్రిభుజం భుజమే, పిండితో ఆ ఒక్క త్రిభుజాన్నీ గీసి చూపించండి, ఎనిమిదో క్లాసు పిల్లలకి లెక్కల పుస్తకంలో ఉన్నది గ్రౌండులో కనిపిస్తే మొహాలు వేరేగా ఉంటాయి.

ఈ పాటికి మీ చుట్టూ జనం చేరతారు. మేం గీసినప్పుడు పక్కన గోడ కడుతున్న తాపీమేస్త్రి ఒకాయన వచ్చి "ఏటి మాస్టారూ, గుడి కడతన్నారా?" అని అడిగి, సంగతి విని, వైరు చేతిలోకి తీసుకుని మిగతా వరుసలన్నీ తనే గీసేశాడు. ఇలాంటివాళ్లు దొరికితే వదలకండి.

వరుసలు ఇలా. వైరుని 14 అడుగుల 6 అంగుళాలకి పెంచి ఒక అర్ధవృత్తం, తర్వాత 17, 19 అడుగుల 6 అంగుళాలు, 22. అంటే ఒక్కో మెట్టుకి రెండున్నర అడుగుల లోతు. రెండు నుంచి రెండున్నర అడుగులు ఉండాలన్నది ఆ పాత నియమం, రోమన్ అడుగు మన అడుగు కన్నా పిసరంత చిన్నది, మనం పట్టించుకోనక్కర్లేదు. నడిమేకు నుంచి ఏడు గుర్తుల మీదుగా బయటికి గీతలు లాగితే అవే ఎక్కే దారులు, వాటి మధ్య ఆరు ముక్కలుగా సీట్లు. నాలుగు వరుసల్లో వందమంది పిల్లలు సరిపోతారు. 22 దాటాక మూడడుగులు ఖాళీ వదిలేయండి, అది అడ్డంగా నడిచే దారి. ఆ పైన ఇంకో మూడు వరుసలు గీస్తే అక్కడ ఎక్కే దారులు కింది వాటికి కొనసాగింపుగా ఉండకూడదు, కింది రెండు దారులకి నడిమధ్యన మొదలవ్వాలి. అలా అయితే పై నుంచి దిగే జనం కింది దారిలోకి ఒకేసారి పోటెత్తరు. మన సినిమాహాళ్లు కట్టినవాళ్లు ఇది చదివుంటే బాగుండేది.

ఎత్తు చూపించాలంటే చిన్న ఉపాయం. ఆర్కెస్ట్రా అంచున నేలకి ఒక దారం కట్టి, 22 అడుగుల గీత దగ్గర ఒక వెదురుకర్ర పాతి, దానికి అయిదున్నర అడుగుల ఎత్తున రెండో చివర కట్టండి. మెట్టుకి సుమారు పదహారున్నర అంగుళాల లెక్కన నాలుగు మెట్లకి అంత వస్తుంది. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా గీత లాగితే అన్ని మెట్ల అంచులూ దాన్ని తాకాలి, ఏ ఒక్కటీ పైకి పొడుచుకు రాకూడదు, అప్పుడే మాట ఎక్కడా తగలకుండా పైకి పోతుందని నియమం. ఆ దారం పక్కన నిలబడితే వాలు ఎంత నిటారో తెలుస్తుంది.

ఇక పిల్లల్ని కూర్చోబెట్టండి, కానీ ఎవరికి నచ్చిన చోట వాళ్లని కాదు. అయిదారుగురిని సెనేటర్లుగా ఆర్కెస్ట్రాలో కుర్చీల మీద. వాళ్ల వెనక వరుసల్లో ఈక్విటెస్ అనే డబ్బున్న వర్గం, క్రీ.పూ. 67లో వచ్చిన చట్టం రోమ్‌లో మొదటి 14 వరుసలు వాళ్లకే రాసిచ్చింది. ఫ్రాన్స్‌లోని ఒరాంజ్ థియేటర్లో మెట్టు రాయి మీద 'ఈక్విటెస్, మూడు వరుసలు' అని పొడి అక్షరాల్లో చెక్కింది ఇప్పటికీ ఉంది, మన పెళ్లి భోజనాల దగ్గర కుర్చీ మీద రుమాలు వేసుకోవడం వాళ్లు రాతిలో చేశారు. ఆ పైన మామూలు పౌరులు. అగస్టస్ చక్రవర్తి వచ్చాక ఇంకా గట్టి చేశాడు. సైనికులు వేరు, పెళ్లయిన మగవాళ్లు వేరు, కుర్రాళ్లు వేరు, వాళ్ల పక్కనే వాళ్ల పంతుళ్లు, ఆడవాళ్లంతా అన్నిటికన్నా పై వరుసల్లో. వెస్టా దేవత పూజారిణులకి మాత్రం మినహాయింపు. అమ్మాయిల్ని చివరి వరుసకి పంపగానే గోల మొదలవుతుంది. మొదలవ్వనివ్వండి, చర్చకి అంతకన్నా మంచి సందర్భం దొరకదు.

చరిత్ర చెప్పాల్సింది కూడా వాళ్లు ఆ సీట్లలో ఉన్నప్పుడే. రోమ్ నగరంలో చాలాకాలం రాతి థియేటర్ అనేదే లేదు. పండగలకి చెక్కతో కట్టడం, అయిపోగానే విప్పేయడం, మన పైడితల్లమ్మ జాతరకి పందిళ్లు వేసి తీసేసినట్టు. క్రీ.పూ. 154లో ఒక రాతి థియేటర్ కట్టడం మొదలైతే సెనేట్ దాన్ని కూల్చేయించింది. జనం రోజుల తరబడి ఒకచోట కూర్చుంటే పాడైపోతారని, పైగా గుంపు చేరితే రాజకీయం మొదలవుతుందని భయం. తాత్కాలికం అన్నారు కదా అని తక్కువగా కట్టారనుకోకండి. క్రీ.పూ. 58లో స్కారస్ అనే అధికారి వేయించిన దానికి మూడంతస్తుల్లో 360 స్తంభాలున్నాయని ప్లినీ అనే రోమన్ రచయిత రాశాడు. కింద పాలరాయి, మధ్య అంతస్తు గాజు, పైన బంగారు పూత. కొన్నాళ్ల ఆటకి!

మొదటి పక్కా రాతి థియేటర్ పాంపే అనే రోమన్ సేనాపతి కట్టించాడు, క్రీ.పూ. 55లో ప్రారంభించాడు. సెనేటర్లు గొణగకుండా ఆయన వేసిన ఎత్తు నాకు భలే నచ్చుతుంది. సీట్ల వరుసలకి సరిగ్గా పైన వీనస్ దేవత గుడి కట్టించాడు. ఇది థియేటర్ కాదు, గుడి మెట్లు అన్నాడు. ఆ కట్టడాల సముదాయంలోనే వెనక తోటకి అవతల ఒక సభామందిరం ఉండేది, క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్‌ని పొడిచి చంపింది అక్కడే. మీరు గీసిన చివరి వరుస మీద, ముందు బిందువుకి సూటిగా, ఒక చదరం గీసి ఇది గుడి అని చెప్పండి, పిల్లలకి గుర్తుండిపోతుంది.

సీట్లు దేనిమీద నిలబడ్డాయన్నది కూడా అడుగుతారు. గ్రీకులు కొండవాలుని చూసి తొలుచుకునేవాళ్లు, మన రామతీర్థం వైపు బోడికొండలు వాళ్లకి దొరికుంటే వదిలేవాళ్లు కాదు. రోమన్లకి కాంక్రీటూ, కమానులూ చేతికొచ్చాయి, దాంతో చదును నేల మీదా కట్టగలిగారు. రోమ్‌లో మార్సెల్లస్ థియేటర్ అలాంటిదే, సీజర్ మొదలుపెడితే అగస్టస్ పూర్తిచేశాడు. బయటి నుంచి చూస్తే కమానుల మీద కమానులు, వాటి లోపలి సొరంగదారుల్లోంచి జనం నేరుగా తమ వరుసలోకి తేలేవారు. కొండ దొరికినచోట మాత్రం వాళ్లూ వాడుకున్నారు, ఖర్చు ఎవరికి చేదు. ఒరాంజ్‌లో సీట్లు కొండకి ఆనుకునే ఉన్నాయి.

మాట పరీక్ష చివరికి ఉంచుకోండి. ఒకరిని గోడకి మూడడుగుల ముందు, రాజద్వారం గుర్తు దగ్గర నిలబెట్టి మామూలు గొంతుతో ఒక పద్యం చదివించండి. తర్వాత అదే పద్యం, అదే గొంతు, గ్రౌండు మధ్యలో వెనక ఏమీ లేని చోట, వినేవాళ్లు అంతే దూరంలో. తేడా చివరి వరుసవాళ్లకి బాగా తెలుస్తుంది. గోడకి తగిలి వచ్చే మాట అసలు మాట కన్నా సెకనులో వెయ్యో వంతులు ఓ ఐదారు మాత్రమే ఆలస్యం, చెవి ఆ రెంటినీ విడదీయలేదు, కలిపి ఒకే గట్టి మాటగా వింటుంది. అందుకే ఆ గోడ. అందుకే దాని ఎత్తు పైవరుస వెనకుండే స్తంభాల వరండా కప్పు ఎత్తుకి సమానంగా ఉండాలన్నారు, వేదిక మీద వాలుగా చెక్క కప్పు కూడా వేసేవాళ్లు. ఒరాంజ్ గోడ 103 మీటర్ల పొడవు, 37 మీటర్ల ఎత్తు. లోపలి వైపు స్తంభాలు, గూళ్లు, మధ్యలో చక్రవర్తి విగ్రహం. బయటి వైపు పైభాగాన వరుసగా పొడుచుకొచ్చిన రాళ్లు కనిపిస్తాయి, ఎండకి జనం మీద గుడ్డ పందిరి లాగడానికి స్తంభాలు నిలబెట్టింది వాటిలోనే. ఆటలన్నీ పట్టపగలే కదా.

స్కూలువాళ్లు ఒప్పుకుంటే గోడ మీద సుద్దతో అంతస్తులు కూడా వేయొచ్చు. వ్యాసంలో పన్నెండో వంతు అరుగు, అంటే 2 అడుగులు. దాని మీద వ్యాసంలో నాలుగో వంతు స్తంభాలు, 6 అడుగులు. పై అంతస్తు స్తంభాలు అందులో నాలుగో వంతు తక్కువ, నాలుగున్నర. తెర కావాలంటే దుప్పటి పట్టుకోండి, కానీ ఆట మొదలయ్యేటప్పుడు కిందికి దించాలి, అయిపోయాక పైకి లేపాలి. వాళ్ల తెర వేదిక ముందున్న గాడిలోకి దిగిపోయేది, మన పద్ధతికి తలకిందులు.

ఇంత చేశాక ఫోన్‌లో అసలు థియేటర్ల ఫొటోలు తెరవండి. టర్కీలో ఆస్పెండోస్, రెండో శతాబ్దంలో జెనాన్ అనే వాస్తుశిల్పి కట్టింది, గోడ దాదాపు చెక్కుచెదరలేదు కాబట్టి మొదట అదే చూపించండి. సిరియాలో బోస్రా, నల్లరాయిది, దాని చుట్టూ తర్వాత కోట కట్టేయడంతో బతికిపోయింది. స్పెయిన్‌లో మెరిడా, క్రీ.పూ. 16-15లో కట్టింది, అక్కడ 1933లో నాటకోత్సవాలు మొదలయ్యాయి, ఇప్పటికీ ఆడుతున్నారు. ఒక్కో ఫొటోలో రాజద్వారం ఎక్కడ, ఎక్కే దారులెన్ని, అడ్డదారి ఎక్కడ, కొండ ఉందా కమానులా, ఇవి పిల్లలే వెతకాలి, మీరు నోరు మెదపొద్దు.

మన దగ్గర ఇలాంటిది లేదా అని ఎవరో ఒకరు అడగక మానరు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ప్రేక్షకశాల ఒకటి తవ్వకాల్లో బయటపడింది, సాగర్ నీళ్లలో మునిగిపోకముందే తీసి అనుపు దగ్గర మళ్లీ కట్టారు. రోమన్ల ప్రభావం అని కొందరంటారు. నాకైతే ప్లాను చూస్తే అలా అనిపించదు, మధ్యలో దీర్ఘచతురస్రం, నాలుగు పక్కలా మెట్లు, వెనక గోడ లేదు. విజయనగరం నుంచి దూరాభారమే, అయినా స్కూలు టూరు సాగర్ వైపు వేస్తే అక్కడ ఓ గంట ఆగండి. వృత్తం లేదు కాబట్టి తాడు అవసరం పడదు, టేపు చాలు.